ఫిరోజ్‌పూర్ బొమ్మ చోటు

ఆ మిషను ఇంటికొచ్చిన రోజు నుంచి ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఆ ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేసుకునే చోటు లేకుండా పోయింది. చూడడానికి ఇస్త్రీపెట్టె కన్నా కాస్త పెద్దది. అటూ ఇటూ రెండు పిడులు, పైన ఫోనంత తెర, కింద గిర్రున తిరుగుతూ చెక్కని తొలిచే బిట్టు. ముందుగా చెక్క మీద నల్లచుక్కలున్న తెల్ల టేపు వరసలుగా అంటించాలి. మిషను తన కెమెరాతో ఆ చుక్కల్ని చూసి తానెక్కడుందో తెలుసుకుంటుంది. కంప్యూటర్లో గీసుకున్న గీత తెర మీద కనిపిస్తుంది. మనిషి చెయ్యాల్సిందల్లా పిడులు పట్టుకుని ఆ గీత వెంబడి ఇంచుమించుగా తోసుకుంటూ పోవడమే. చెయ్యి కాస్త వణికినా బిట్టు తనంతట తాను సర్దుకుని గీత మీదే కోస్తుంది. చెయ్యి మరీ దారి తప్పితే కొయ్యడం మానేసి పైకి లేచిపోతుంది.

హేమసుందర్ దీని మీద మనసు పారేసుకున్నాడు. అతనిది సాకేత్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. గోడకి మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే రకం. అలాంటివాడు ఈ మిషనుతో చెప్పుల స్టాండు చేశాడు, టీవీ కింద బల్ల చేశాడు, వాటి ఫోటోలు అపార్టుమెంటు సొసైటీలోని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాడు. అందులో ఎవరో “విశ్వకర్మ” అన్నారు. వెక్కిరింపో మెచ్చుకోలో తేల్చుకోకుండా మెచ్చుకోలు కిందే వేసుకున్నాడు. అతని భార్య శరణ్య మాత్రం, “తడి బట్టలెక్కడ ఆరేయాలో కూడా నీ మిషన్నే అడిగి చెప్పు సుందర్,” అనేది.

ఆ ఊపులో ఉండగా దసరా దగ్గరపడింది. అతని కన్ను అత్తగారి పెట్టెల మీద పడింది.

అత్తగారు అన్నపూర్ణేశ్వరి. ఆవిడ భర్త బసవరాజు సైన్యంలో సుబేదారుగా చేసి, రిటైరైన కొన్నాళ్ళకి పోయారు. అప్పటి నుంచి ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడతో పాటు వచ్చినవి ఆ నల్లరంగు చెక్క పెట్టెలు, ఒక్కోదాని మీద తెల్లటి అక్షరాల్లో భర్త పేరు, రెజిమెంటు. జబల్‌పూర్, అంబాలా, ఫిరోజ్‌పూర్, తేజ్‌పూర్, చివరికి ఢిల్లీ కంటోన్మెంటు: బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ బొమ్మల కొలువు కోసం ఆవిడ ఒక బొమ్మ కొనేది. దసరాకి ఆ పెట్టెల్నే మెట్లుగా పేర్చి, తెల్లదుప్పటి పరిచి, వాటి మీద బొమ్మల్ని నిలబెట్టేది. బదిలీలప్పుడు సామానంతా ఒంటి చేత్తో సర్దేది. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఒక్క చెంచా కూడా పోగొట్టుకోలేదని ఆవిడ గర్వం. అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది.

“ఈసారి పెట్టెలొద్దు అత్తయ్యా. కొలువుకి నేను బీరువా చేస్తాను,” అన్నాడు హేమసుందర్. “అరలు ముందుకి లాగితే మెట్లవుతాయి. లోపలికి తోసి తలుపులేస్తే ఏడాదంతా భద్రంగా ఉంటాయి. ఒక్కో బొమ్మకీ దాని అడుగు అచ్చంగా పట్టేట్టు గుంట తీస్తాను. ఇక కాగితాల్లో చుట్టే పనే ఉండదు.”

“ఎందుకు బాబూ మీకు శ్రమ? మట్టి బొమ్మలు గదా, ఊరికే తీసి పెడతా ఉంటే ఎట్టా? పెట్టెలు బాగానే ఉండాయి,” అందావిడ.

“నా చేతుల్లో మీ బొమ్మలకేమీ కాదు. నాది పూచీ.”

అల్లుడు పూచీ అన్నాక ఆవిడ ఇంకేం మాట్లాడుతుంది? ఆవిడ లెక్కలో అల్లుడి మాటకి ఎదురు చెప్పడమన్నది లేదు. 'మీరు' అనొద్దని పెళ్ళైన కొత్తలో అతను ఎన్నోసార్లు చెప్పి, అలిసిపోయి ఊరుకున్నాడు. ఆవిడ పెట్టెలు తెరిచి బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు ఏ ఊరిదో, అప్పుడక్కడ ఎండలెట్లా ఉండేవో, పక్క క్వార్టర్లో ఎవరుండేవారో చెప్పేది. అతను “ఊ” కొడుతూ బొమ్మని తెల్లకాగితం మీద నిలబెట్టి, అడుగు చుట్టూ పెన్సిలుతో గీసి, ఫోనుతో ఫోటో తీసేవాడు. కాసేపటికి ఆ గీత కంప్యూటర్లో ప్రత్యక్షమయ్యేది.

వాటిలో ఫిరోజ్‌పూర్ బొమ్మ ఒకటి. చంకన బిందె పెట్టుకుని, ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టు మెడ తిప్పిన ఆడమనిషి. అడుగు గుడ్డులా కోలగా ఉంటుంది, వెనక వైపు చిన్న ముక్క లేచిపోయి.

అది ఒక శనివారం. శరణ్య ఏదో కొనడానికి బజారుకెళ్ళింది. అత్తగారు కింద పార్కులో తెలుగు ఆడవాళ్ళు కూర్చునే బెంచీ దగ్గరికి వెళ్ళింది. హేమసుందర్ పై అరకి గుంటలు తీయడం పూర్తి చేశాడు. టేకు పలకలో గుంటలు అంచులు చెదరకుండా ముద్దుగా వచ్చాయి. బొమ్మలు సరిగ్గా కూర్చుంటాయో లేదో చూడకుండా ఉండలేకపోయాడు. ఆవిడ వచ్చేదాకా ఆగొచ్చు. ఆగితే అతను హేమసుందర్ ఎందుకవుతాడు? బొమ్మలు తెచ్చి బాల్కనీలో స్టూలు మీద పెట్టాడు. ఒక్కొక్కటీ గుంటలో దిగుతుంటే ఒళ్ళు పులకరించింది. పొట్టు ఊడ్చుదామని వాక్యూమ్ గొట్టం అందుకుని వెనక్కి తిరిగాడు. నడిమి అరలోకి వెళ్ళాల్సిన ఫిరోజ్‌పూర్ బొమ్మ ఒక్కటే స్టూలు మీద మిగిలి ఉంది. గొట్టం స్టూలుకి తగిలింది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. బిందె ఒక్కటీ విడిగా దొర్లుకుంటూ పోయి నీళ్ళు పోయే జాలీ దగ్గర ఆగింది. మిగతాదంతా పెంకులు.

హేమసుందర్ వంగి చూశాడు. ముందు 'అయ్యో, అత్తయ్య!' అనుకున్నాడు. ఆ వెంటనే, ఎవరూ చూడలేదనుకున్నాడు. ఆ రెండో తలపు వచ్చినందుకు తరువాత చాలాసార్లు తనని తాను తిట్టుకున్నాడు కాని, అప్పుడు మాత్రం చేతులు దాని మాటే విన్నాయి. పెంకులన్నీ పొట్టుతో కలిపి నల్లసంచీలోకి ఎత్తి, బిందెని కూడా అందులోనే వేసి, మూతి కట్టి, తానే కిందికి దిగి చెత్తబండిలో పడేసి వచ్చాడు. లిఫ్టులో పైకి వస్తూ, సాయంత్రం మెల్లగా చెబుదాంలే అనుకున్నాడు.

సాయంత్రం బొమ్మల్ని తిరిగి చుడుతూ అన్నపూర్ణేశ్వరి ఆగింది.

“బాబూ, ఫిరోజ్‌పూర్ది కనపడటంలా.”

అతను ల్యాప్‌టాప్ వైపు చూస్తూనే, “అది మీరు నాకు ఇవ్వలేదు కదా అత్తయ్యా,” అన్నాడు.

ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. దారి తప్పగానే పైకి లేచిపోయే బుద్ధి బిట్టుకుంది గాని నోటికి లేదు.

“ఇయ్యలా?” ఆవిడ చేతిలో కాగితం అలాగే ఉంది. “మెడ తిప్పి ఉంటది, చూడండి… ఇచ్చినట్టే గుర్తు నాకు.”

“లేదత్తయ్యా.”

“అచ్ఛా,” అందావిడ. “అయితే నేనే ఎక్కడో పెట్టుంటా.”

అంతే, నమ్మేసింది. ఆవిడ కాసేపు దబాయించి ఉంటే, 'మీరే ఎక్కడో పెట్టారు' అని ఉంటే, అతను అక్కడికక్కడే ఒప్పుకునేవాడేమో. ఆవిడ తన జ్ఞాపకాన్ని పక్కన పెట్టి అల్లుడి మాట తీసుకుంది. ఆ తరువాత వెతకడం మొదలుపెట్టింది. పెట్టెలన్నీ ఖాళీ చేసింది. అటక దింపించింది. పనిమనిషి వైపు శరణ్య అనుమానంగా చూస్తే, “పాపం, దాన్నెందుకంటావే, నా మతిమరుపుకి!” అని కోప్పడింది. మంచం కింద చూడడానికి మోకాళ్ళ మీద వంగబోతుంటే హేమసుందర్ ఆపి, తానే బోర్లా పడుకుని ఫోను లైటు వేసి చూశాడు.

“ఇక్కడ లేదత్తయ్యా,” అన్నాడు, మంచం కింద నుంచి.

మర్నాడు కంప్యూటర్లో ఆ బొమ్మ గీతని చెరిపేసి నడిమి అర కోశాడు. పక్క బొమ్మల్ని జరిపి ఆ ఖాళీ పూడ్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. అన్ని గుంటల మధ్య అక్కడొక్కచోట నున్నటి చెక్క మిగిలింది. అత్తగారు వచ్చి చూసి, “ఇక్కడ ఖాళీ ఎందుకు బాబూ?” అంది. “డిజైన్ అత్తయ్యా,” అన్నాడు. “ఠీక్ హై,” అని వెళ్ళిపోయింది.

సంగతి బొమ్మతోనే పోయి ఉంటే అతనూ మెల్లగా మర్చిపోయేవాడు. పోలేదు. అన్నపూర్ణేశ్వరికి ఒక అక్క ఉండేది, భానుమతి. ఆవిడ ఆఖరి రోజుల్లో సొంత పిల్లల్నే గుర్తుపట్టలేదు. అదీ చిన్న చిన్నవాటితోనే మొదలైంది: తాళాలు, కళ్ళజోడు, పప్పులో రెండోసారి ఉప్పు. చెల్లెలికి ఆ భయం లోపలెక్కడో ఉండనే ఉంది. ఇప్పుడది బయటికొచ్చి ఇల్లంతా తిరగసాగింది. ఆవిడ పొయ్యి కట్టేసి ముందుగదిలోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసేది. కూర్చుని, మళ్ళీ లేచేది. తన బట్టల బీరువా తాళాలు కూతురి చేతిలో పెట్టి, “నా దగ్గరొద్దే,” అంది. పార్కుకి వెళ్ళడం మానేసింది. అన్ని టవర్లూ ఒకేలా ఉంటాయి, తిరిగి రావడం తెలియకపోతే ఎట్లా అని.

“అమ్మా, ఒక బొమ్మ కనపడకపోతే మతి పోయినట్టేనా?” అని శరణ్య కసిరింది.

“ఇచ్చిందీ ఇయ్యందీ తెలియకపోవటం ఏందే? కళ్ళకి కట్టినట్టు కనపడతా ఉంది, అల్లుడి చేతిలో పెట్టినట్టు. ఇయ్యలేదంట! లేనిదాన్ని చూస్తన్నానంటే ఇంకేమంటారు దాన్ని?”

హేమసుందర్ కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడాడు. ఇవాళ చెబుదామని పొద్దున అనుకునేవాడు. మెట్రోలో మాటలు కూర్చుకునేవాడు. ఇంటికొచ్చేసరికి ఆవిడ ఎదురొచ్చి మంచినీళ్ళ గ్లాసు అందించేది. ఆ గ్లాసు ఖాళీ చేసి గదిలోకి వెళ్ళిపోయేవాడు. రోజు గడిచే కొద్దీ చెప్పాల్సింది పెరిగిపోతోంది. మొదటి రోజైతే 'బొమ్మ పగిలింది' అంటే సరిపోయేది. ఇప్పుడు ఎంత చెప్పాలి! అలాంటి బొమ్మ ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని ఫోన్లో వెతికాడు. దొరికితే అటక మీద పెట్టి 'ఇదిగో' అందామని అతని ఆలోచన. దొరకలేదు. ఇంకో మోసం చేసే అవకాశం తప్పిపోయిందని ఆ రోజంతా దిగులుపడ్డాడు. చూడండి మనిషి ఎంత దూరం వెళ్ళాడో.

దసరాకి ముందు వారం శరణ్య డాక్టరు దగ్గర టైము తీసుకుంది. ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు మెత్తగానే మాట్లాడాడు. ఇవాళ ఏ తారీఖు అని హిందీలో అడిగాడు. కంటోన్మెంట్లలో నేర్చిన హిందీ ఆవిడది, ధాటిగా మాట్లాడగలదు. కాని పరీక్ష అనేసరికి చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ తారీఖు తప్పు చెప్పింది. తప్పని తెలిసి మొహం పాలిపోయింది.

“ఇంట్లో ఈమధ్య ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా?” అని అడిగాడు డాక్టరు.

ఆవిడ బొమ్మ సంగతంతా చెప్పింది. తను చేతికిచ్చినట్టు గుర్తుండడం, అసలివ్వకపోవడం. చెప్పి, అల్లుడి వైపు చెయ్యి చూపించింది. “ఇన్ సే పూఛ్ లీజియే, డాక్టర్ సాబ్. యే ఝూఠ్ నహీ బోల్తే.”

ఇతను అబద్ధమాడడు, ఇతన్ని అడగండి. హేమసుందర్ తన గురించి ఇంత మంచిమాట అంతకు ముందెప్పుడూ వినలేదు.

డాక్టరు అతని వైపు తిరిగాడు. “బొమ్మ ఆవిడ మీకు ఇవ్వలేదంటారు. అంతేనా?”

అతను నోరు తెరిచాడు. శరణ్య చూస్తోంది. అత్తగారు చూస్తోంది. “జీ,” అన్నాడు.

డాక్టరు తల ఊపి మెదడు స్కానింగు రాశాడు.

తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. హైవే మీద బళ్ళు కదలడం లేదు.

“శరణ్యా,” అంది అన్నపూర్ణేశ్వరి, “మా అక్కని ఆఖర్లో గదిలో పెట్టి బయట గొళ్ళెం పెట్టేవాళ్ళే. బయటికెళ్ళిపోతదని. అది తలుపు కొడతా ఉండేది. నన్నట్టా పెట్టాల్సొస్తే ముందు నాకు చెప్పండి. మతి ఉండగానే చెప్పండి. చెప్పకుండా గొళ్ళెం పెట్టొద్దు.”

శరణ్య తల్లి భుజంలో మొహం దాచుకుంది. ముందు సీట్లో హేమసుందర్‌కి స్టీరింగు కనపడలేదు. వెనక బళ్ళు హారన్ మోగించేదాకా దారి ఖాళీ అయిందని కూడా తెలియలేదు.

ఇంటికొచ్చాడు. చొక్కా కూడా మార్చుకోకుండా బాల్కనీలోకి వెళ్ళాడు. బీరువాలోంచి నడిమి అర లాగి బల్ల మీద బిగించాడు. నల్లచుక్కల టేపు అంటించాడు. పెన్సిలు గీతల పాత ఫోటోలు ఫోన్లోనే ఉన్నాయి. ఫిరోజ్‌పూర్ బొమ్మది తీసి మళ్ళీ గీతగా మార్చి, మిషనులోకి పంపి, ఖాళీ చోట నిలిపాడు. మిషను ఆన్ చేశాడు. చేతులు వణికాయి. వణికితేనేం, మిషను సర్దుకుంది. కోలగా, వెనక వైపు లేచిపోయిన ముక్కతో సహా, చెక్కలో ఆ అడుగు దిగింది.

చప్పుడు ఆగేసరికి అత్తగారు గడప దగ్గర నిలబడి ఉంది.

“ఇంకో గుంటెందుకు బాబూ? బొమ్మలన్నిటికీ అయిపోయినాయి గదా?”

అతను పొట్టు ఊది పక్కకి జరిగాడు. ఆవిడ దగ్గరికి వచ్చి గుంట అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. వెనక వైపు ముక్క దగ్గర వేలు ఆగింది.

“ఇది ఫిరోజ్‌పూర్ది,” అంది. “లారీలోకి ఎక్కించేటప్పుడు పెట్టె జారింది. ఇక్కడే లేచింది పెంకు. మా ఆయన జిగురుతో అతికిస్తానంటే నేనే వద్దన్నా.” ఆవిడ తలెత్తింది. “నేను ఇయ్యకపోతే దీని కొలత మీకెట్టా వచ్చింది?”

“ఇచ్చారు అత్తయ్యా,” అన్నాడు హేమసుందర్. “మీరు ఇచ్చారు. నా చేతిలో పగిలిపోయింది. ఇక్కడే. పెంకులు చెత్తలో పారేశాను. ఇవ్వలేదని మీతో అబద్ధం చెప్పాను.”

ఆవిడ మెల్లగా నల్లపెట్టె మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

“అయితే నాకు మతి పోలా,” అంది. మళ్ళీ, “ఇచ్చా. నేను ఇచ్చా,” అంది. కళ్ళు తుడుచుకుంది. “ఒక్క మాట చెప్పొచ్చు గదా బాబూ. మట్టి బొమ్మ. పగలకుండా ఎన్నాళ్ళుంటది?”

“భయమేసింది. పూచీ అని అంత గొప్పగా చెప్పి… మీ ముందు తక్కువైపోతానని.”

ఆవిడ మళ్ళీ గుంట వైపు తిరిగింది.

“మంచం కింద నాతో పాటు మీరూ వెతికారు,” అంది.

“వెతికాను.”

“లైటు వేసి వెతికారు.”

“వెతికాను అత్తయ్యా.”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. బొమ్మ పగలగొట్టినందుకు కాని, డాక్టరు ముందు 'జీ' అన్నందుకు కాని ఆవిడ ఆ రోజూ తరువాతా ఒక్క మాట అనలేదు. ఆ పని శరణ్య చేసింది. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఇన్నేళ్ళ కాపురంలో అననివన్నీ అని, ఆ తరువాత మాట్లాడడం మానేసింది. స్కానింగు రద్దు చేసింది. హేమసుందర్ అన్నిటికీ తల వంచుకున్నాడు. నిజం చెప్పేశాక తేలికవుతుందంటారు. అతనికైతే అలాంటిదేమీ కాలేదు.

దసరాకి కొలువు పెట్టారు. బీరువా అరలు మెట్లుగా ముందుకొచ్చాయి, బొమ్మలు దేని చోట్లో అది నిలబడ్డాయి. నడిమి మెట్టు మీద ఒక గుంట ఖాళీగా ఉంది. అందులో ఇంకేదైనా పెడదామని శరణ్య అంటే తల్లి ఒప్పుకోలేదు. సాయంత్రం దీపాలు వెలిగించి, కొలువు చూడడానికి రమ్మని పార్కులోని ఆడవాళ్ళని పిలవడానికి అన్నపూర్ణేశ్వరి బయల్దేరింది. చాలా రోజుల తరువాత ఒక్కతే ఇల్లు దాటుతోంది. హేమసుందర్ సోఫాలో కూర్చుని చూస్తూ, ఫరవాలేదు, అంతా సర్దుకుంటుంది, అనుకున్నాడు.

లిఫ్టు వచ్చిన చప్పుడైంది. మళ్ళీ గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఆవిడ వెనక్కి వచ్చింది.

“పొయ్యి కట్టేశానో లేదో…”

“కట్టేశారు అత్తయ్యా,” అన్నాడతను గబగబా లేచి. “నేను చూశాను. మీరెళ్ళి రండి.”

ఆవిడ ఆగింది. అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అతనికి మంచినీళ్ళు అందించేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

“మీరు చెబితే ఎట్టా నమ్మను బాబూ,” అని, చెప్పులు విడిచి, తానే చూసుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.